ఈశాన్య మూల గవాక్షి

పోయిన నెల ఇద్దరు కుర్ర ఉపాధ్యాయులు మా ఇంటికి వచ్చారు. ట్రైనింగు ముగించి కొత్తగా కొలువులో చేరినవాళ్లు. పిల్లలను జట్లుగా చేసి, వాళ్లకొక సమస్య అప్పగించి, వాళ్లచేతనే పరిష్కరింపజేసే పద్ధతి నేర్చుకున్నామనీ, దానికి ఇంగ్లీషులో ఒక పేరుందనీ ఉత్సాహంగా చెప్పారు. పేరు బాగుంది. నేను ఆ పని చేసిన రోజుల్లో దానికి పేరు లేదు. తర్వాత పైవాళ్లు ఒకటి పెట్టారు: అవిధేయత. సంజాయిషీ అడిగిన కాగితంలో ఆ మాట కింద గీత కూడా గీశారు.

ఆ సంగతి చెప్పమన్నారు. చెబుతాను. ముందుగా ఒక మాట. ముసలితనంలో జ్ఞాపకాలు రాసేవాళ్లు సాధారణంగా మెత్తబడతారు. అప్పుడు అట్లా చేయకుండా ఉండాల్సింది, కొంచెం ఓపిక పట్టాల్సింది అంటారు. నా దగ్గర ఆ సరుకు లేదు. ఆనాడు చేసిందే మళ్లీ చేస్తాను. వీలైతే ఇంకాస్త ముందుగా చేస్తాను.

కర్నూలుకు పడమరగా, నల్లరేగడి నేలల మధ్య ఉన్న ఊరది. మంత్రాలయం పోయే యాత్రికుల బండ్లు ఊరి పక్కగా పోయేవి గాని ఆగేవి కావు. ఆగాలంటే నీళ్లుండాలి కదా. బడి పెద్దరెడ్డిగారి మిద్దెలో నడిచేది. ఆయన ఒకప్పుడు పత్తి బోరాలు వేసుకోవడానికి కట్టించిన మిద్దె. నాలుగు రాతిగోడలు, పైన తుమ్మ దూలాలు, వాటి మీద బండలు, బండల మీద చౌడుమన్ను. పత్తికి వెలుతురుతో పనిలేదు గనుక కిటికీలు పెట్టలేదు. దక్షిణానికి ఒక్క వాకిలి. జిల్లా బోర్డువారు దాన్ని బాడుగకు తీసుకొని, లోపల ఒక నల్లబల్ల, ఒక కుర్చీ వేసి, దానికి బడి అని పేరు పెట్టారు.

పిల్లలు లోపల బండల మీద కూర్చునేవారు. మాదిగవాడ నుంచి వచ్చే ముగ్గురు మాత్రం గడప బయట, వసారాలో కూర్చోవాలి. ఏ పిల్లవాణ్నీ బయట కూర్చోబెట్టరాదని సర్కారు రూలు. లోపలికి రానీయరాదని ఊరి కట్టుబాటు. ఈ రెంటికీ మా ఊరు ఒక రాజీ కనిపెట్టింది. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు మాత్రం ఆ ముగ్గురినీ లోపలికి పిలిచి, అందరికీ దూరంగా, వెనక ఈశాన్య మూలలో కూర్చోబెట్టేవారు. ఇన్‌స్పెక్టరు బండి పొలిమేర దాటగానే వాళ్లు మళ్లీ గడప బయటికి. సాయంత్రం ఆ మూలలో పసుపునీళ్లు చల్లేవారు. రూలుకు రూలూ నిలిచింది, కట్టుబాటుకు కట్టుబాటూ నిలిచింది. చెడిపోయింది ఆ ముగ్గురి చదువు మాత్రమే. దాన్ని లెక్కపెట్టే అధికారి ఎవరూ లేరు.

ఆ ముగ్గురిలో ఒక ఆడపిల్ల ఉండేది. ఐదో తరగతి. వాళ్ల నాయన రెడ్డి బావులకు, నీళ్లు తోడే తోలు బానలు కుట్టేవాడు. గడపలో కూర్చొని ఆ పిల్ల చదువుతుంటే వీధిలో పోయేవాళ్లు ఒక్క నిమిషం నిలబడేవారు. ఐదో తరగతి గట్టెక్కితే కర్నూలులో ఆడపిల్లల హాస్టలు బడిలో చేర్చుకుంటారని నేను కనుక్కొని వచ్చాను. తీరా ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున, మూలలో కూర్చున్న ఆ పిల్ల పుస్తకం ముఖానికి ఆనించుకొని తడబడింది. ఒక మాటకు ఇంకో మాట చదివింది. తర్వాత తల దించుకుంది. ఆయన ఒకే వాక్యం రాసిపోయాడు: ఈ వర్గం పిల్లలకు గ్రహణశక్తి తక్కువ.

భయంతో తడబడిందని నేను అనుకున్నాను. నాతోపాటు పనిచేసే రెండో ఉపాధ్యాయుడూ అదే అన్నాడు. ఆయన ముస్లిం, నాకంటే పెద్దవాడు. ఊళ్లో అందరూ సాయిబు ఐవారు అనేవారు. ఈ ప్రాంతంలో ఉపాధ్యాయుణ్ని ఐవారు అంటారు. కొన్నాళ్ల తర్వాత, పిల్లలు పోయినాక, ఎందుకు తోచిందో గాని నేను పోయి ఆ మూలలో బాసింపట్టు వేసుకొని కూర్చున్నాను. పుస్తకం తెరిచాను. పుటలో అక్షరాలు లేవు. బూడిద రంగు చారలు మాత్రం ఉన్నాయి.

"ఏమప్పా, ఆడ కూకొని జపం చేస్తాండావా? నువ్వు దేవుణ్ని నమ్మవు గదా" అన్నాడు సాయిబు ఐవారు వాకిట్లోంచి.

"నువ్వొచ్చి కూర్చో" అన్నాను.

ఆయన వచ్చి కూర్చున్నాడు. పుస్తకం తీసుకున్నాడు, దూరం పెట్టాడు, దగ్గర పెట్టాడు. చివరికి, "ఆ బిడ్డకు మనం ఏం జేసినాం భాయ్" అన్నాడు.

అప్పుడే నేను రెడ్డిగారి దగ్గరికి పోయి గొడవపడి ఉండవచ్చు. సభల్లో వాదనలు చేసి నాలుక పదునెక్కిన మనిషిని. కాని నా వాదన ఎంత పదునైనా అది నా ఒక్కడిది. నేను బదిలీ అయితే నాతోనే బండెక్కి పోతుంది. అందుకని సమస్యను పిల్లల ముందు పెట్టాను. ఈ గదిలో ఏ చోట కూర్చుంటే చదవగలం? ఏ చోట చదవలేం? చదవలేని చోటును చదవగలిగేట్టు చేయడం ఎట్లా? జవాబు నేను చెప్పను, అందరూ అన్ని చోట్లా కూర్చొని మీరే కనుక్కోండి అన్నాను. వెలుతురు చూసేవాళ్లు ఒక జట్టు, కూర్చునే వరసలు చూసేవాళ్లు ఒక జట్టు, గోడలూ కప్పూ చూసేవాళ్లు ఒక జట్టు. గడప దగ్గరి ముగ్గురినీ జట్టుకొకరిగా పంచాను. వీధి వైపున్న బండ మీద, అంటే అందరూ నిలబడగలిగే చోట, కూటాలు పెట్టాం.

మొదటి పరీక్ష నవ్వులపాలయింది. వరసల జట్టువాళ్లు వాచకం ఇచ్చి ఒక్కొక్కణ్నీ ఒక్కో చోట కూర్చోబెట్టి చదవమన్నారు. అందరూ అన్ని చోట్లా గలగలా చదివేశారు. ఒకడైతే పుట తిప్పకుండానే అవతలి పుట కూడా చదివాడు. సాలెవాళ్ల పిల్లవాడొకడు తల గోక్కుంటూ, "వీండ్లు కండ్లతో సదవడం ల్యా ఐవారూ, నోటికొచ్చింది ఒప్పజెప్తాండారు" అన్నాడు. ఏళ్ల తరబడి మేం చెప్పిన చదువు గురించి అంతకంటే పెద్ద మాట ఏ ఇన్‌స్పెక్టరూ రాయలేదు. ఎవరికీ కంఠతా రానిది కావాలన్నారు. ఒకడు ఇంటికి పరుగెత్తి, బెల్లం చుట్టి వచ్చిన పత్రిక ముక్క తెచ్చాడు. ఎక్కడిదో ఎద్దుల పరస, అంటే పశువుల సంత గురించి రాసిన ముక్క. జిడ్డు మరకలున్నా అక్షరాలు బాగానే ఉన్నాయి.

ఈసారి నిజం బయటపడటం మొదలైంది. వెనక వరసలవాళ్లు చీకట్లో తడుముకున్నట్టు చదివారు. ముందు వరసలవాళ్లకు సగం వచ్చింది. పెద్దరెడ్డి మనవడు ఒకడున్నాడు. మొద్దు అని పేరు. ఆ పేరు వాడికి మేమే పెట్టాం, వాళ్ల తాత ఖాయం చేశాడు. గోడవారన, దూలం కింద వాడి చోటు. వాడు అక్కడ ఒక్క వాక్యం చదవలేకపోయాడు. వరసల జట్టువాళ్లు వాణ్ని గడప దగ్గరికి లాక్కొచ్చి కూర్చోబెట్టారు. పత్రిక ముక్క చేతికిచ్చారు. వాడు మొదటి మాట చదివాడు. ఆగి మమ్మల్ని చూశాడు. తర్వాత ఎద్దుల ధరలతో సహా ఆ ముక్కంతా చదివేశాడు.

పిల్లలంతా నోళ్లు వెళ్లబెట్టారు. సాలెవాళ్ల పిల్లవాడు, "రేయ్, నువ్వు మొద్దు కాదురా. నీ సోటు మొద్దు" అన్నాడు.

ఊరు వెలివేసి కూర్చోబెట్టిన చోటే ఆ బడిలోకెల్లా చదవడానికి మంచి చోటు. ఊరి పెద్దలు తమ పిల్లలను గౌరవంగా చీకట్లో కూర్చోబెట్టుకొని, వెలుతురంతా మాదిగపిల్లలకు ఇచ్చారు. సంవత్సరానికి ఒక్క రోజు, సరిగ్గా పరీక్ష రోజు మాత్రం, ఆ వెలుతురు లాక్కునేవారు. ఎవరూ పథకం వేసి చేసింది కాదది. ఆచారం అనేది అట్లాగే పనిచేస్తుంది. దానికి బుర్ర అక్కరలేదు.

పరీక్ష అక్కడితో అయిపోయిందని నేను అనుకున్నాను. రెడ్డి మనవడు అనుకోలేదు.

"ఇంగా కాలేదు ఐవారూ. గడపలో కూకునేటోళ్లు లోపల కూకొని సదివితే గదా తెలిసేది, సోటు మహిమో మనిసి మహిమో."

"మీ తాతకు తెలిస్తే?" అన్నారెవరో.

"అందరూ అన్ని సోట్లా అన్లేదా ఐవారు? అందరూ అంటే అందరే గదా."

ఆ పిల్ల నా వైపు చూసింది. "రావొచ్చునా?" అంది.

"పరీక్ష నాది కాదు. వాళ్లను అడుగు" అన్నాను.

వాళ్లు జరిగి దారి ఇచ్చారు. ఇన్‌స్పెక్టరు లేని రోజున ఆ గడప దాటి లోపలికి వచ్చిన మొదటి మాదిగవాడ మనిషి ఆ పిల్ల. ఈశాన్య మూలలో కూర్చొని పత్రిక ముక్క ముఖానికి ఆనించుకుంది. తడబడింది. రెండో వాక్యంలో ఆగిపోయింది. అయితే ఈసారి తల దించుకోలేదు. తలెత్తి, "కనపల్యా" అంది. ఎవరూ నవ్వలేదు. గ్రహణశక్తి గురించి రాసిన వాక్యం అక్కడ, ఆ బండ మీద, పిల్లల కళ్లముందు చచ్చిపోయింది.

తర్వాత వాళ్లు గదిని మార్చే పని మొదలుపెట్టారు. వసారా బండ మీద సున్నంతో గది గీశారు. సాలెవాళ్ల పిల్లవాడు ఇంటినుంచి నూలుదారం తెచ్చి గోడలు కొలిచాడు. కప్పు నడిమిన గవాక్షి పెట్టాలన్నారు. మా మిద్దెల్లో వంటింటి కప్పుకు పొగ పోవడానికి వదిలే సందును గవాక్షి అంటారు. వానొస్తే పైకెక్కి దాని మీద బండ కప్పాలి. గోడలకు సున్నం కొట్టాలన్నారు. నల్లబల్ల వాకిలి పక్కన దక్షిణం గోడ మీదినుంచి పడమటి గోడకు మార్చి, దాని ముందు నెలవంక మాదిరి కూర్చోవాలన్నారు. ఎంత చేసినా అన్ని చోట్లకూ వెలుతురు సమంగా రాదు గనుక వారం వారం చింతపిక్కలతో వంతులు వేసుకొని చోట్లు మారాలన్నారు. గడప కూడా ఆ చోట్లలో ఒకటి.

ఆ రాత్రికే ఊరంతా పాకింది. మరునాడు పొద్దున పెద్దరెడ్డి వచ్చాడు, పక్కన సిద్ధాంతిగారు. వసారాలో గీసిన సున్నపు గీతల మీద నిలబడి మొదలుపెట్టాడు.

"ఏమప్పా ఐవారూ, సదువు జెప్పమంటే మిద్దెలు తవ్వుతాండావంట. వాండ్లను లోపలికి తోలినావంట. యాడన్నా ఉండాదా ఇది?"

"ఇప్పటిదాకా లేదు. ఇక్కడ మొదలయింది" అన్నాను.

సాయిబు ఐవారు నా అంగీ పట్టుకొని వెనక్కు లాగాడు. "రెడ్డీ, ఆయప్ప మాట ఇడిసిపెట్టు. ముందు నీ మనవడు సదివేది ఇను."

మనవడు గడపలో కూర్చొని ఎద్దుల పరస చదివాడు. రెడ్డి కర్ర మీద రెండు చేతులూ ఆనించి విన్నాడు.

"వీనికి సదువు రాదన్లేదా మీరు?"

"అన్నాం. తప్పు వాడిది కాదు, మీ మిద్దెది."

"నా మనవడు ఆ గడపలో కూకుంటే ఊరు నవ్వుతాది."

"అట్లయితే లోపలికి వెలుతురు పంపండి. కప్పుకు గవాక్షి పెట్టించండి."

"గవాక్షి వంటింటికి, పొగ పోయేదానికి. ఈడెందుకు?"

"ఈడ పొగ ల్యా గాని సీకటి ఉండాది తాతా. అదీ పోవాల గదా" అన్నాడు మనవడు.

అప్పుడు సిద్ధాంతిగారు గొంతు సవరించుకున్నారు. నడిమి భాగం బ్రహ్మస్థానమట. దాన్ని తొలిస్తే యజమానికి అరిష్టమట. నేను ఊరుకోలేదు. "యజమాని ఈ ఇంట్లో ఉండడు. ఉండేది పిల్లలు. వాళ్ల కళ్లు పోవడం అరిష్టంలోకి వస్తుందా, రాదా? ఆకాశంలో నడిమి భాగం ఏదో, సూర్యుడు ఏ శాస్త్రం అడిగి అక్కడికి వస్తాడో చెప్పండి" అన్నాను. ఇంకా చాలా అన్నాను. అన్నీ మంచి మాటలే, దేన్నీ వెనక్కు తీసుకోను.

సిద్ధాంతిగారు నన్ను చూడకుండా రెడ్డితో మాట్లాడారు. "ఈశాన్యాన పెట్టించుకోండి. అది దేవుడి మూల. అక్కడ వెలుతురు పడితే మీకు ఐశ్వర్యం."

ఐశ్వర్యం అనే మాటకు రెడ్డి తల ఊపాడు. ఒకే షరతు పెట్టాడు: వాకిటి పిల్లలు వాకిట్లోనే. నేను మళ్లీ నోరు తెరవబోతుంటే సాయిబు ఐవారు నా చెయ్యి గట్టిగా నొక్కాడు. వాళ్లు పోయినాక అన్నాడు: "నీ నోరు మూతబడితే గాని నీ చెవి తెరుసుకోదు భాయ్. ఆయప్ప గవాక్షి యాడ పెట్టమన్నాడో ఇన్లేదా? ఈశాన్యం అంటే మన ఇన్‌స్పెక్టరు మూల గదా."

నేను వాకిట్లో నిలబడి నవ్వాను. ఏటేటా ఆ ముగ్గురిని అక్కడికి తోసినప్పుడు అది దేవుడి మూల అని ఎవరికీ గుర్తు రాలేదు. పసుపునీళ్లు చల్లినప్పుడూ గుర్తు రాలేదు.

గవాక్షి తయారయింది. పిల్లలు తామే సున్నం నానబెట్టి గోడలకు పూశారు. సగం గోడలకూ సగం ఒంటికీ పూసుకున్నారు. ఆ మూలలో వెలుతురు నిలువుగా దిగి తెల్లగోడ మీద పడి మిగతా గదిలోకి కొంత పాకింది. కొంతే. నడిమిన పెట్టి ఉంటే అందరికీ సరిపోయేది, వంతుల అవసరమే ఉండేది కాదు. శాస్త్రం పుణ్యమా అని వెలుతురు ఒక మూలకు చేరింది. చేరగానే ఊళ్లో పెద్దింటివాళ్లంతా మావాణ్ని ఆ మూలలో కూర్చోబెట్టమని నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. కరణం మనిషిని పంపాడు. ఇద్దరు ఆసాములు వసారాలోనే మాటామాటా అనుకున్నారు. అప్పుడు పిల్లలు చింతపిక్కలు తీశారు. పిక్క తీసిన వంతుకు ఎవరూ కోప్పడలేకపోయారు. లోపలివాళ్లకు వంతులు నడిచాయి. గడప మాత్రం వేరుగానే ఉండిపోయింది.

రెడ్డి మనవడికి అది నచ్చలేదు. ఒకసారి గడపలో చదివిన రుచి వాడు మరచిపోలేదు. ఇన్‌స్పెక్టరు వస్తాడని కబురు వచ్చిన రోజు వాడే లేచాడు.

"ఇన్‌స్పెక్టరు వచ్చిన దినం వాండ్లు లోపలికి రావొచ్చు గదా ఐవారూ? అది మా తాత గూడా ఒప్పుకున్నేదే. అట్లయితే ఆ వారం పిక్కలు అందరికీ కలిపి ఎయ్యాల."

ఊరి రాజీని ఊరి మీదికే తిప్పాడు. నాకు తట్టలేదు ఆ మాట. పిక్కలు వేశారు. గడప రెడ్డి మనవడికి పడింది. ఆ పిల్లకు నడిమి వరస పడింది.

ఆ సాయంత్రం ఆ పిల్ల నాయన మా ఇంటి ముందు నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఐవారూ, నా బిడ్డను నడిమి వరసలో కూకోబెడతారంట. రెడ్డికి తెలిస్తే నువ్వు ఇంగో ఊరికి పోతావు. మేం ఈడ ఉండాల. బావులు ఆయనవి, బానలు నేను కుట్టాల."

సభల్లో నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. కష్టమైతే బిడ్డను ఆ రోజు పంపవద్దని చెప్పాను. ఆ పిల్ల వాళ్ల నాయన వెనకే ఉంది.

"నేను పోతా నాయనా. పోయినేడు కండ్లు కనపడక తల దించుకుంటి. అందరూ నాకు తెలివి లేదనుకొనిరి. ఈ తూరి యాడ కూకోబెట్టినా సదువుతా. కనపడకుంటే కనపల్యా అని సెప్తా."

అతను బిడ్డను చూశాడు, నన్ను చూశాడు. "ఇంగ ఇది నా మాట ఇనదు" అన్నాడు. ఆ గొంతులో కోపం ఎంతో గర్వం ఎంతో నేను తేల్చలేకపోయాను.

ఇన్‌స్పెక్టరు వచ్చిన పొద్దున పెద్దరెడ్డి తలపాగా చుట్టుకొని ముందే వచ్చాడు. పిల్లలు ఇంకా వసారాలోనే నిలబడి ఉన్నారు. బండి గంటలు వినపడగానే రెడ్డి నోట్లోంచి ఏటేటా వచ్చే మాటే వచ్చింది.

"రేయ్, మీ ముగ్గురూ ఎప్పటి మాదిరే ఎనక మూలకు పోండి. దూరంగా కూకోండి."

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ పిల్ల పిక్కల ప్రకారం నడిమి వరసకు పోవాల్సింది. పెద్దరెడ్డిగారి ఆజ్ఞ శిరసావహించి మూలకు పోయింది. గవాక్షి కింద, తెల్లగోడకు ఆనుకొని, ఊళ్లోని వెలుతురంతా తన మీద పోసుకొని కూర్చుంది. ఆ గవాక్షికి దుడ్లు ఇచ్చింది ఆయనే. అయినా గుర్తు రాలేదు. చెప్పాను కదా, ఆచారానికి బుర్ర అక్కరలేదని.

ఇన్‌స్పెక్టరు గడప దగ్గర ఆగాడు. పలక పట్టుకొని అక్కడ కూర్చున్న పిల్లవాణ్ని చూశాడు. ముఖం చిట్లించాడు.

"ఏమండీ, వీళ్లను బయట కూర్చోబెట్టకూడదని ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాడు రెడ్డితో. "ఎవరి పిల్లవాడు వీడు? మాదిగవాడేనా?"

పెద్దరెడ్డి నోరు తెరిచాడు.

"నా మనవడు సామీ."

"మీ మనవడా? మరి ఇక్కడెందుకున్నాడు?"

మనవడు లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు. "ఈ వారం నా వంతు సార్. ఈడ ఎలుతురు బాగుంటాది."

ఇన్‌స్పెక్టరు వంతు అంటే ఏమిటని అడిగాడు. ఆ తర్వాత నేనుగాని సాయిబు ఐవారుగాని ఒక్క మాట చెప్పాల్సిన పని పడలేదు. జట్లు జట్లుగా వాళ్లే చెప్పారు. దారం చూపించారు, పిక్కలు చూపించారు, పత్రిక ముక్క చూపించారు. కంఠతా సంగతి కూడా చెప్పేశారు, అదొక్కటి దాచి ఉంటే నాకు బాగుండేది. ఆయనేమీ సంస్కర్త కాడు. కాని రోజూ ఒకేరకమైన బళ్లు చూసి చూసి విసిగిన మనిషి. రాసుకోవడానికి కొత్త సంగతి దొరికిందని కళ్లు పెద్దవి చేశాడు.

తర్వాత పరీక్ష. తన సంచిలోంచి ఎవరూ చూడని పుస్తకం తీసి, మూలలో ఉన్న ఆ పిల్ల చేతికి ఇచ్చాడు. పెద్దరెడ్డి అప్పుడు మూల వైపు చూశాడు. కప్పు వైపు చూశాడు. మళ్లీ మూల వైపు చూశాడు. ఆయన ముఖం మీద నేను ఆ క్షణాన చూసింది కోపం కాదు. తన చేత్తో తాను చేసిన పనిని ఎవరో చేసినట్టు చూస్తున్నాడు.

ఆ పిల్ల చదివింది. ఒక పెద్ద మాట దగ్గర ఆగింది. పుస్తకం ముఖానికి ఆనించుకోలేదు. వేలు పెట్టి అక్షరాలు కూడబలుక్కొని ముందుకు పోయింది. పుట తిప్పి అడగకుండానే అవతలి పుట కూడా చదివింది, ఈసారి కళ్లతో. చాలమ్మా అన్నాడాయన. ఐదో తరగతి ప్యాసయినట్టు అక్కడే రాశాడు. కూర్చునే ఏర్పాటు బాగుందనీ, ఇట్లాగే కొనసాగించాలనీ కింద చేర్చాడు.

సాయంత్రం పసుపునీళ్ల చెంబుతో మనిషి వచ్చాడు. గది మధ్యలో నిలబడి దిక్కులు చూశాడు.

"యాడ సల్లాల ఐవారూ?"

"నాకేం తెలుసప్పా. అందరూ అంతటా కూకున్నారు" అన్నాడు సాయిబు ఐవారు. "సల్లితే ఊరంతా సల్లాల. అన్ని నీళ్లు ఈ ఊర్లో యాడివి?"

అతను చెంబు పట్టుకొని వెనక్కు పోయాడు.

ఇక నా సంగతి. ఇన్‌స్పెక్టరు రాసినదాన్ని రెడ్డి కొట్టేయలేడు, మిద్దె బాడుగ ఆయనకు కావాలి. గవాక్షి మూయించలేడు, ఈశాన్యాన ఉన్న గవాక్షిని మూస్తే ఐశ్వర్యం పోతుందని సిద్ధాంతిగారే చెప్పారు. మిగిలింది నేను. పైకి అర్జీ పోయింది. ఎవరి అనుమతితో బడి ఏర్పాట్లు మార్చారో సంజాయిషీ ఇమ్మని నాకు కాగితం వచ్చింది. పొరపాటయిందని ఒక్క ముక్క రాస్తే ఇదే ఊళ్లో ఉంచుతామని ఒక గుమాస్తా కబురు కూడా చేశాడు. నేను రాసింది ఇది: గదిని మార్చింది విద్యార్థులు. వారు చేసిన పరీక్ష సరైనది. ఎవరికైనా అనుమానముంటే వచ్చి ఆ మూలలో గవాక్షి మూయించుకొని కూర్చొని చదివి చూడవచ్చు.

ఎవరూ రాలేదు. బదిలీ వచ్చింది. రాజంపేట అవతల, అడవి అంచున ఉన్న ఊరు. నేను బండెక్కే రోజున ఆ పిల్ల నాయన వచ్చి బండి పగ్గాలు సరిచేశాడు. "సెప్పలేదా ఐవారూ, నువ్వే పోతావని" అన్నాడు. "బిడ్డ వచ్చే వారం కర్నూలు పోతాది. హాస్టలుకు." అంతే చెప్పాడు. రెడ్డి అతని చేత బానలు కుట్టించడం మానలేదు. మానితే బావులు ఎండబెట్టుకోవాలి.

ఇదంతా విని నా దగ్గరికి వచ్చిన కుర్రవాళ్లలో ఒకడు, ఇంతా చేసి మీరు సాధించిందేమిటి, రెడ్డి మారలేదు కదా అన్నాడు. రెడ్డిని మార్చాలని నేను పూనుకోలేదు నాయనా. గదిని మార్చాం. రెడ్డి మారేదాకా ఆగి ఉంటే ఆ పిల్ల కలుపు తీస్తూ ఉండేది.

చాలా రోజుల తర్వాత సాయిబు ఐవారు కర్నూలులో కలిశాడు. ఏమప్పా, మన పిక్కలు నడుస్తున్నాయా అని అడిగాను.

"నడుస్తాండాయి. ఇన్‌స్పెక్టరు మాట నేను దాటలేను గదా రెడ్డీ అంటే ఆయన ఏం జేస్తాడు" అని నవ్వాడు. "ఒకటి సెప్తా ఇను. గవాక్షి కింద ఎవురి వంతు ఉంటే, వానొస్తే మిద్దెక్కి బండ కప్పేది వాండ్ల పనే. పిల్లోండ్లు పెట్టుకున్న రూలు అది. మన ఊర్లో వాన యాడ వస్తాది అని ఎవురూ పట్టించుకోల్యా. పోయిన మంగళవారం వచ్చింది. మబ్బు దిగి కొట్టింది భాయ్. ఆ వారం వంతు మాదిగవాడ పిల్లోంది. వాడు నిచ్చెన ఎక్కి రెడ్డి మిద్దె మీద నిలబడినాడు. వాని కులమోళ్లు ఎవురూ ఆ మిద్దె ఎక్కినోళ్లు కాదు. కింద రెడ్డి నిలబడి పైకి సూస్తాండాడు."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు. నీళ్లు లోపల పడతాండాయి గదా. బిన్నా, జల్దీ కప్పురా అన్నాడు."